కీసర అరటిపళ్లు

పద్మశ్రీ మంచం కింద ఒక అట్టపెట్టె ఉంది. అందులో ఎనిమిది డాక్టరీ పుస్తకాలున్నాయి. ఒక్కోటి రెండు ఇటుకలంత లావు. సెకండియర్‌లో ఉండగా, "సీనియర్లందరి దగ్గర అసలు పుస్తకాలున్నయి, నా దగ్గరే లేవు" అని ఆమె మూతి ముడుచుకుంటే, తండ్రి హన్మయ్య ఒక ఆదివారం కోఠికి పోయి, పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగి ఆ పెట్టె నింపుకొచ్చాడు. బస్సులో నాచారం దాకా తెచ్చి, భుజానికెత్తుకుని మూడో అంతస్తుకెక్కించాడు. లిఫ్టు లేని ఇల్లు.

తెమ్మన్న పిల్లకు అవి వచ్చేసరికే మోజు తీరింది. అప్పటికే క్లాసులో సగం మంది ఫోన్లలో పాఠాలు వింటున్నారు. యాప్‌లో మాస్టారు గంట చెప్పే పాఠాన్ని వేగం పెంచి పెడితే అరగంటలో అయిపోతుంది. పక్క మీద దొర్లుతూ వినొచ్చు. నాలుగు కిలోల పుస్తకాన్ని గుండెల మీద పెట్టుకుని ఎవరు చదువుతారు? ఆ పెట్టెను ఇంట్లో సరిగ్గా వాడుకున్న మనిషి ఒక్క శ్యామలమ్మే. దాని మీద మామిడికాయ తొక్కు జాడీ పెట్టింది.

ఫైనలియర్‌లో పద్మశ్రీ అన్నీ పాసై, సర్జరీ ఒక్కటి తప్పింది. అదీ రాత పరీక్షలో కాదు, ప్రాక్టికల్‌లో. ఒకదాంట్లో పోతే రెండూ మళ్లీ రాయాలి కాబట్టి రాత పరీక్ష మళ్లీ రాసింది. ఇక సోమవారం ప్రాక్టికల్. ఇది కూడా పోతే ఇంకో ఆరు నెలలు. తనతో చేరిన వాళ్లంతా మెడలో స్టెత్ వేసుకుని హౌస్ సర్జన్లుగా వార్డుల్లో తిరుగుతుంటే, ఆమె ఉప్పల్ మెట్రో స్టేషన్ పక్క సందులో ఒక రీడింగ్ రూమ్‌లో, గ్రూప్ టూ చదివే వాళ్ల మధ్య, చెక్క గూటిలో కూర్చుని ఉంది. పక్క గూటి అతను ఒకసారి, "మీరు ఏ పోస్టుకు మేడమ్?" అని అడిగాడు. "ఎస్సై" అని చెప్పింది. అంత సిగ్గు ఆమెకు.

శనివారం మధ్యాహ్నం. పరీక్షకు మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం. ఆమె ఇంకా ఏం చదవాలో తేల్చుకోలేదు. ఫోన్‌లో రెండు యాప్‌లు. మొదటిదాంట్లో మాస్టారు బాగా చెప్తాడని, రెండోదాంట్లో బొమ్మలు బాగుంటాయని. బల్ల మీద ఎర్ర అట్ట నోట్సు, ఎవరో సీనియర్ చేత్తో రాసింది, కింద జిరాక్స్ షాపులో స్పైరల్ వేయించింది. అందులో హెర్నియా దగ్గర సరిగ్గా రెండు పేజీలు ఎగిరిపోయాయి. ఆ రెండు పేజీల కోసం ఇంకో సీనియర్ నోట్సు. ఫోన్‌లో నలభై మూడు పీడీఎఫ్‌లు. పొద్దున్నుంచి ఆమె చేసిన పనల్లా వీటిని ఒక వరసలో పెట్టడం, ఆ వరస మార్చడం. ఇల్లు అలకగానే పండగైపోతే ఆమెకు ఈపాటికి గోల్డ్ మెడలే వచ్చుండేది.

పొద్దున క్లాస్‌మేట్ బిందుమాధవికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయిది కాకినాడ, పోయినసారే పాసై హౌస్ సర్జన్ చేస్తోంది.

"ఎన్నిసార్లు చెప్పానే నీకు? అన్నీ పట్టుకుంటే ఏదీ దక్కదు. ఆ ఎర్ర నోట్సు ఒక్కటీ రెండుసార్లు తిప్పు, చాలు. ఇప్పుడు వీడియోలు పెట్టావంటే బుర్ర వేడెక్కిపోతుంది. అసలు నువ్వు పేషెంట్ దగ్గర ఎందుకు తడబడ్డావో అది చూసుకో ముందు."

చివరి మాట పద్మశ్రీ విననట్టే ఊరుకుంది. తర్వాత దుర్గేష్‌కు చేసింది. దుర్గేష్ ఆమెతో వార్డులో పేషెంట్లను చూసే క్లినిక్స్ బ్యాచ్‌లోనే ఉండేవాడు, రామంతాపూర్ పిల్లవాడు.

"నోట్సులు గిట్ల పక్కన వెట్టు," అన్నాడు వాడు. "వేరే కాలేజీలల్ల ప్రాక్టికల్స్ నడుస్తున్నయి గద. ఏం కేసులొచ్చినయో పిలగాండ్లు రాసి గ్రూపుల పెడుతున్నరు. పంపిస్త, సూస్కో. గవే తిరిగి తిరిగి నీ కాడికొస్తయ్. ఫికర్ చెయ్యకు."

ఈ దుర్గేష్ గురించి ఒక మాట చెప్పాలి. పద్మశ్రీ తప్పడానికి సగం కారణం వాడితో కుదిరిన ఒప్పందం.

వార్డులో ఆడపేషెంట్ రొమ్ములో గడ్డతో వస్తే, చుట్టూ మూగిన మగపిల్లలు మొహాలు పక్కకు తిప్పుకునేవాళ్లు. మగపేషెంట్ గజ్జలో హెర్నియాతో వస్తే ఆడపిల్లలు రెండడుగులు వెనక్కి వేసేవాళ్లు. పేషెంట్లు కూడా, "ఆడపిల్లలు వద్దు సారూ" అనేవాళ్లు. అందుకని బ్యాచ్‌లో అందరూ కలిసి ఒక సుఖమైన ఉపాయం కనిపెట్టారు. ఆడవాళ్ల కేసులు అమ్మాయిలు చూసి రాస్తే అబ్బాయిలు కాపీ చేసుకోవాలి. గజ్జల కేసులు అబ్బాయిలు చూసి రాస్తే అమ్మాయిలు కాపీ చేసుకోవాలి. మీవి మాకు, మావి మీకు. పద్మశ్రీ రికార్డులో పది హెర్నియా కేసులున్నాయి. దస్తూరి ఆమెది, చెయ్యి దుర్గేష్‌ది. వార్డు మేడం సంతకం పెట్టి "గుడ్" అని కూడా రాసింది.

పరీక్షలో ఆమెకు హెర్నియానే పడింది. అరవై ఏళ్ల పెద్దాయన. పాపం అడిగినవన్నీ చెప్పాడు. ఎప్పటి నుంచి ఉంది, దగ్గితే ఉబ్బుతుందా, పడుకుంటే పోతుందా, అన్నింటికీ ఓపిగ్గా జవాబిచ్చాడు. అంతవరకు బాగానే ఉంది. ఎగ్జామినర్ వచ్చి, "చేసి చూపించమ్మా" అన్నాడు. ఉబ్బును లోపలికి తోసి, గజ్జ పైన సరైన చోట బొటనవేలు ఒత్తిపెట్టి, దగ్గమనాలి. ఆ వీడియో ఆమె పద్నాలుగు సార్లు చూసింది. వేలు తీసుకెళ్లి తొడ మీద పెట్టింది.

"ఇప్పటిదాకా ఎన్ని హెర్నియాలు చూశావు?"

"పది, సార్."

"చూశావా? చెయ్యి పెట్టి చూశావా?"

ఆ పెద్దాయనే జాలిపడి, "ఇక్కడమ్మా" అన్నట్టు తన వేలితో చోటు చూపించాడు. ఎగ్జామినర్ పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

రిజల్ట్ వచ్చిన రోజు ఇంట్లో అన్నం దగ్గర ఆమె ఏం చెప్పిందంటే, ఆ ముసలాయన వల్లే పోయిందని చెప్పింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. "ఆయన సిగ్గుతోటి అన్నీ దాసిండు నాయినా. ఎప్పటి సంది ఉన్నదంటే తెల్వదంటడు, ఎట్ల మొదలైందంటే నోరు దెరవడు. గసుంటి పేషెంట్ పడితే ఎవరికైనా పోతది" అంది. అంటూ కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. ఆ కన్నీళ్లు నిజమైనవే కాబట్టి ఆ మాట కూడా నిజమే అనిపించింది.

హన్మయ్య నోటి దగ్గర ముద్ద ఆపాడు. "సిగ్గుకు దాసిండా?"

"ఆ."

"నీకు పోయెనా గందుకు?"

"మరి?"

అతనికి దగ్గు వచ్చింది. కంచం ముందు నుంచి లేచి, గోడ వైపు తిరిగి, వంగి దగ్గి, చెయ్యి కడుక్కుని పోయి పడుకున్నాడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్లాస్టిక్ సామాన్ల గోడౌన్‌లో అతను ఇరవై ఏళ్లుగా సరుకు ఎత్తి దించుతున్నాడు. ఆ దుమ్ముకు దగ్గు మామూలే.

తర్వాత నాలుగైదు నెలలు ఆ రెండు గదుల ఇంట్లో సర్జరీయే మోగింది. పద్మశ్రీకి పైకి చదివే అలవాటు. పేషెంట్‌ను తెలుగులో అడగాలి కాబట్టి తెలుగులోనే వల్లె వేసేది. "ఎప్పటి నుంచి ఉంది? ఎలా మొదలైంది? ఏమైనా బరువు ఎత్తారా? దగ్గితే పెద్దదవుతుందా? పడుకుంటే లోపలికి పోతుందా? నొప్పి ఉందా? మలబద్ధకం ఉందా?" కర్టెన్‌కు అవతల హన్మయ్య టీవీ చప్పుడు తగ్గించి కూర్చునేవాడు. బిడ్డ చదువుకు అడ్డం రావొద్దని తగ్గించాడనుకుంది పద్మశ్రీ.

మొన్న గురువారం హన్మయ్య సెలవు పెట్టి తెల్లారే బయల్దేరాడు. "కీసర గుట్టకు పోయి మొక్కొస్త, బిడ్డ పరీక్ష ఉన్నది" అన్నాడు. సాయంత్రం మనిషి వాడిపోయి వచ్చాడు. చేతిలో ఒక కవరు. అందులో నాలుగు అరటిపళ్లు, చిన్న బ్రెడ్ ప్యాకెట్.

"గుట్ట మీద బ్రెడ్డెవలు పెట్టిన్రు?" అంది శ్యామలమ్మ.

"ఎవలో పంచుతున్నరు. తీస్కున్న."

పద్మశ్రీ ఒక అరటిపండు కళ్లకద్దుకుని తింది. రామలింగేశ్వరుడి ప్రసాదం కదా అని, తొక్క కూడా చెత్తబుట్టలో వేయకుండా తులసి కుండీలో పెట్టింది.

శనివారం మధ్యాహ్నం రెండు దాటాక దుర్గేష్ పంపిన పీడీఎఫ్ వచ్చింది. గురువారం సిటీకి అవతలి చివర ఒక కాలేజీలో జరిగిన పరీక్ష. ఏ బెడ్డు మీద ఏ కేసు, ఏం అడిగారు, ఏం చెప్పాలి అన్నీ ఎవరో విద్యార్థి రాశాడు.

ఈ పరీక్షలకు పేషెంట్లు ఎక్కడి నుంచి వస్తారో బయటివాళ్లకు తెలియదు. ఆపరేషన్ కోసం వచ్చిన వాళ్లలో మంచి కేసులనుకున్న వాళ్లను, ఫలానా రోజు పరీక్షకు రమ్మని వార్డువాళ్లు అడుగుతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెడ్డు మీద ఉంటే పిల్లలు వచ్చి చూస్తుంటారు. మధ్యలో భోజనం, పోయేటప్పుడు తినడానికి ఏదో ఒకటి చేతిలో పెడతారు. కాలేజీల మధ్య కొన్నాళ్లపాటు అవే కేసులు తిరుగుతాయి కాబట్టి, పిల్లలు పీడీఎఫ్‌లో పేషెంట్ల గుర్తులు కూడా రాస్తారు. గుర్తుపడితే జబ్బు పేరు వెతుక్కునే పని లేదు.

మొదటి కేసు థైరాయిడ్. రెండోది కాలి మీద మానని పుండు. మూడోది హెర్నియా. పద్మశ్రీ కుర్చీ ముందుకు జరుపుకుంది.

యాభై మూడేళ్ల మగమనిషి. ఉండేది నాచారం. గోడౌన్‌లో హమాలీ పని. కుడి గజ్జలో ఉబ్బు, మూడేళ్ల నుంచి. గుర్తు, ఎడమచేతి చూపుడువేలికి గోరు ఉండదు.

ఆ గోరు పద్మశ్రీ మూడో తరగతిలో ఉన్నప్పుడు ఇనుప షట్టర్ కింద పడి ఊడింది. మళ్లీ రాలేదు.

ఆమె ఫోన్ బోర్లా పెట్టింది. కాసేపటికి తీసి మళ్లీ చదివింది. రాసిన పిల్లవాడు సంతోషంగా రాశాడు. ఈ పేషెంట్ దొరికితే అదృష్టమే, అడగకముందే అన్నీ వరసగా చెప్తాడు, మన నోట్సు చదివి వచ్చినట్టు. పెద్దదవుతుంది, పడుకుంటే పోతుంది, నొప్పి లేదు, మలబద్ధకం లేదు, దగ్గమనకముందే దగ్గుతాడు. ఒక్క విషయంలోనే ఇబ్బంది. ఏం బరువు ఎత్తినప్పుడు మొదలైందంటే సరిగ్గా చెప్పడు, "ఏదో సామాను" అంటాడు. దాన్ని వదిలేసి ముందుకు పోండి.

కింద ఇంకో మాట ఉంది. ఎగ్జామినర్ తప్పకుండా అడిగే ప్రశ్న, ఇన్నాళ్లు ఎందుకు చూపించుకోలేదు? జవాబు పేషెంట్ చెప్పిందే చెప్పండి, సార్లు నవ్వుతారు అని, దాన్ని ఉన్నదున్నట్టు దింపాడు. "ఇంట్ల నా బిడ్డ డాక్టర్ చదువుతున్నది సారూ. చెప్తే అది సిగ్గుపడతది, చెప్పకుంటే నేను సిగ్గుపడ్త. నా సిగ్గే నయమనుకున్న." పక్కన రెండు నవ్వు బొమ్మలు.

పద్మశ్రీకి సిగ్గేసింది. చెవులు కాలిపోయేంత సిగ్గు. ఆ నవ్వు బొమ్మలు పెట్టిన పిల్లవాడి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. ఇలాంటివి తను ఎన్ని చదవలేదు? ఎన్నిటికి నవ్వలేదు?

అసలు సిగ్గు వేరే ఉంది. అది ఆమెకు ఒక్కదానికే తెలుసు. నాయిన గోడ వైపు తిరిగి, ఒక చెయ్యి గజ్జ మీద అదిమిపెట్టుకుని దగ్గడం ఆమె మూడేళ్లుగా చూస్తోంది. థర్డియర్‌లో హెర్నియా పాఠం విన్న రోజునే ఆమెకు తెలిసింది. తెలిసి, కర్టెన్ లాగుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, హెర్నియా వీడియో చూసింది. ఒకసారి కాదు, పద్నాలుగు సార్లు.

రీడింగ్ రూమ్ నుంచి నోట్సులు కూడా తీసుకోకుండా లేచి వచ్చేసింది. ఉప్పల్‌లో షేర్ ఆటో ఎక్కింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఎవరో దగ్గితే ఉలిక్కిపడింది.

ఇంట్లో హన్మయ్య పొద్దుటి షిఫ్ట్ దిగి వచ్చి, టేబుల్ ఫ్యాను విప్పి నేల మీద పెట్టుకుని స్క్రూలు బిగిస్తున్నాడు. శ్యామలమ్మ మంచం మీద కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది.

"గిప్పుడే వచ్చినవేంది బిడ్డా? ఆడ కరెంట్ పోయిందా?" అన్నాడు.

పద్మశ్రీ చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. "కీసరకు ఏ బస్సుల పోయినవ్ నాయినా?"

"ఉప్పల్ కాడ ఎక్కిన."

"అరటిపండ్లు గుట్ట మీద ఇచ్చినయేనా?"

హన్మయ్య స్క్రూ బిగిస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో బిగిసిపోయింది. శ్యామలమ్మ సూది ఆపి ఇద్దరినీ చూసింది. పద్మశ్రీ వచ్చి తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుని, ఫోన్‌లో ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించింది. గోరు లేని వేలు దాకా చదివింది. వరసగా చెప్తాడన్న దాకా చదివింది. చివరి జవాబు చదవకుండా ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

హన్మయ్య మొదట అడిగిన మాట, "గండ్ల నా పేరు రాసిన్రా?"

"లేదు."

"మీ కాలేజోళ్లకైతే తెల్వదు గద? గందుకే గంత దూరం దవాఖానకు పోయిన. నీకు నామోషీ కావద్దని."

"ఎందుకు పోయినవ్ నాయినా?"

"ఆపరేషన్‌కే పోయిన. మీ అమ్మ మూడేండ్ల సంది పాణం దీస్తుండె గద. నీ పరీక్ష అయినంక శుక్రారం చేస్తమన్నరు. నడుమ పరీక్ష ఉన్నది, ఒక దినం కూసుంటవా అన్నరు." స్క్రూడ్రైవర్ కింద పెట్టి దాన్నే చూస్తూ అన్నాడు. "నువ్వే అంటివి గద, ఆ ముసలాయన సిగ్గుకు దాసిండు, గందుకే నీకు పోయిందని. నేను గూడ దాస్తనే ఉన్న గద అనుకున్న. నా అసుంటోని వల్ల ఇంకెవలి బిడ్డకూ పోవద్దని కూసున్న. నువ్వు ఏమేం అడుగుతరో రోజు చదువుతుంటివి. ఇన్న. ఆ వరసనే జెప్పిన."

పద్మశ్రీ నేల మీది స్క్రూలను ఒక్కచోటికి చేర్చింది.

"ఇరవై మంది దాక వచ్చిన్రు," అన్నాడు హన్మయ్య. చెప్పడం మొదలుపెట్టాక అతనికి కొంచెం ధైర్యం వచ్చింది. "సగం మంది ఆడపిల్లలే. ఒక పిల్ల జర నీ లెక్కనే ఉన్నది. చేతులు ఎనకకు వెట్టుకుని నిలవడ్డది. పెద్ద సారు వస్తుండు, పిల్లకు చెమటలు. నేనే అన్న, సిగ్గువడకు బిడ్డా, నీ తండ్రి అసుంటోణ్ణి, సూడు అని. గప్పుడు చెయ్యి వెట్టింది. పాసైతది కావచ్చు."

పరాయి పిల్లతో అంత తేలిగ్గా అనగలిగిన మాట అతను ఈ ఇంట్లో మూడేళ్లుగా అనలేకపోయాడు. పద్మశ్రీ ఇక ఆగలేకపోయింది.

"ఆ ముసలాయన ఏం దాయలే నాయినా. అడిగినయన్నీ జెప్పిండు. ఏడ చెయ్యి వెట్టాల్నో గూడ ఆయనే సూపెట్టిండు. నేనే... ఒక్క పేషెంట్‌ను గూడ ముట్టలే ఎప్పుడు. దుర్గేష్ రాసింది సూసి రాసిన. ఆయన మీదికి దోసిన."

శ్యామలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. హన్మయ్య మాత్రం ఫ్యాను రెక్క తుడుస్తూ, "ఎరుకే" అన్నాడు.

"ఎట్ల ఎరుక?"

"ఆడ పెద్ద సారు ఒక పిలగాణ్ణి తిడుతుండె. పేషెంట్లు ఏం దాయరు, మీరే సరిగ అడగరు, దగ్గరికి పోరు అని. గప్పుడే సమజైంది."

"మరి నన్నేం అనకపోతివి?"

"ఏమంట బిడ్డా? నువ్వొకటి దాసినవ్, నేనొకటి దాసిన."

ఒక్క చెంపదెబ్బ కొట్టినా ఇంతకంటే నయమనిపించింది పద్మశ్రీకి. ఏడుపు వచ్చింది గానీ ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు. రిజల్ట్ రోజు ఇదే చోట కూర్చుని ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది.

"ఇంకొక మాట నాయినా," అంది. "నాకు గూడ ఎరుకే. నువ్వు గోడ దిక్కు తిరిగి ఎందుకు దగ్గుతవో. ఎప్పటి సందో ఎరుక."

ఈ మాటకు హన్మయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది. అతను మూడేళ్లు కష్టపడి దాచింది అసలు దాగనే లేదన్నమాట. ముఖం అంతా ఎర్రబడింది, పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్లలాగా. తండ్రిని అలా చూడటం ఆమెకు చేతకాలేదు.

శ్యామలమ్మకు మాత్రం కోపం వచ్చింది. కుడుతున్న చీర పక్కన పడేసింది. "మంచిగున్నది! ఇద్దరికిద్దరు ఎరుకుండి కూసున్నరు. నేను ఒక్కదాన్నే పిచ్చిదాని లెక్క, బిడ్డకు జెప్పరాదు, బిడ్డకు జెప్పరాదు అని మొత్తుకున్న. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటరు. మన ఇంట్ల పెరటి రోగం గూడ డాక్టరమ్మకు పనికిరాకపాయె!"

హన్మయ్య ఫ్యాను పక్కకు జరిపాడు. "సోమవారం నీకు అక్కరకొస్తదంటే సూస్కో బిడ్డా. మీ అమ్మ పక్కకే ఉంటది. ఇరవై మంది సూసిన్రు. నువ్వొక్కదానివి ఎక్కువనా."

రెండు యాప్‌లు, రెండు నోట్సులు, నలభై నాలుగు పీడీఎఫ్‌లు. వాటి పక్కన తనను కూడా ఒకటిగా పెట్టుకొమ్మంటున్నాడు. పద్మశ్రీ ఫోన్ తీసి మంచం మీద పడేసింది.

"పరీక్షకు సూడ," అంది. "సోమవారం పాసైతనో పోతనో, అది వేరే. నీకోసం సూస్త. మూడేండ్ల కింద సూడాల్సింది."

లేచి చెప్పులు విప్పింది. బాత్రూంలోకి పోయి మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుంది. చల్లటి చేతులు పేషెంట్ మీద పెట్టొద్దని చదివింది గుర్తొచ్చి, అరచేతులు రుద్దుకుంటూ వచ్చింది. శ్యామలమ్మ తలుపు గడియ పెట్టి, కిటికీ పరదా లాగి, మొగుడి పక్కన నిలబడింది. హన్మయ్య ఒక చేత్తో లుంగీ బిగించి పట్టుకుని, రెండో చెయ్యి గోడకానించి, అలవాటు ప్రకారం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

పద్మశ్రీ వెంటనే చెయ్యి పెట్టలేదు. ముందు అడగాలి, తర్వాతే చూడాలి. అందరూ చదువుకునే వరసే అది. ఆ వరసలో మొదటి ప్రశ్న ఈ ఇంట్లో వెయ్యిసార్లు వినిపించింది. ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదు.

"ఎప్పటి సంది ఉన్నది నాయినా?"

"మూడేండ్లు దాటింది," అన్నాడు గోడతో.

"ఎట్ల మొదలైంది?"

"బరువు ఎత్తితే. గజ్జల కలుక్కుమన్నది. తెల్లారి సూస్కుంటే ఉబ్బున్నది."

"ఏం బరువు?"

హన్మయ్య లుంగీ ఇంకా బిగించి పట్టుకుని, "ఏదో సామాను" అన్నాడు.

"నాయినా. దాయొద్దు."

అతను భార్య వైపు చూశాడు. చెప్పొద్దని చూశాడు. శ్యామలమ్మ చెప్పలేదు. కానీ ఆమె కళ్లు మంచం కిందికి, తొక్కు జాడీ పెట్టిన అట్టపెట్టె మీదికి పోయాయి. పద్మశ్రీ కూడా అటు చూసింది. ఆదివారం, కోఠి, బస్సు, మూడంతస్తుల మెట్లు. ఆ రోజు పెట్టె దించి నాయిన అక్కడే నేల మీద కూలబడితే, "గంత ఆయాసమేంది నాయినా, రెండు దఫాలు తేవద్దా" అని నవ్వింది తనే.

"గదేం లేదు బిడ్డా," అన్నాడు హన్మయ్య తొందరగా. "ఎన్నడో ఒకనాడు వచ్చేదే, మాది బరువుల పని. నీకైతే అక్కరకొచ్చినయి గద, ఆ పుస్తకాలు. గంతే సాలు."

ఔనంటే అతనికి హాయిగా ఉంటుంది. ఒక్క మాట. ఇంతకంటే పెద్ద అబద్ధాలు ఈ ఇంట్లో చెప్పి ఉంది.

"లేదు నాయినా," అంది పద్మశ్రీ. "నేను అవి ఇప్పనే లేదు."

హన్మయ్య గోడ మీది నుంచి చెయ్యి తీసి, బిడ్డ వైపు తిరిగి, ఆమె అడగకముందే దగ్గాడు.